లాకులు లేని కాలువ

ఆత్రేయపురం దగ్గర లొల్ల లాకుల మీద నిలబడి చూస్తే గోదావరి డెల్టా ఎలా నడుస్తుందో సగం అర్థమవుతుంది. ఎగువన నీటిమట్టం ఒకటి, దిగువన మరొకటి. ఆ తేడాను నీరు తనంతట తాను సర్దుకునేలా వదిలేస్తే పల్లానికి ఉరికి గట్టును కోస్తుంది, ఎత్తు మీద ఉన్న చేలకు ఎక్కదు, పడవ నిలవదు. అందుకని అక్కడ తలుపులు పెట్టారు. పడవలు తిరిగిన రోజుల్లో పడవ లాకులోకి రాగానే వెనుక తలుపు మూసేవారు. తూము తెరిచి నీరు నింపడమో వదలడమో చేసి, రెండు మట్టాలూ సమానమయ్యాక ముందు తలుపు తీసేవారు. అంతసేపూ పడవ ఆగి ఉండేది. ఆ ఆగడం లేకపోతే ఆ ప్రయాణమే లేదు.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి ఈ డెల్టా అంతా నీటిని ఆపి వదలడం మీదే బతుకుతోంది. ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్న బ్యారేజీకి ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాల్లో కలిపి 175 గేట్లు. దాని కింద సుమారు 10 లక్షల ఎకరాల ఆయకట్టు. సార్వాకు, అంటే వానాకాలం వరికి, నీరు ఎప్పుడు వదలాలి, దాళ్వాకు, అంటే రెండో పంటకు, చాలకపోతే వంతులవారీగా ఎవరికి ఎన్ని రోజులు ఇవ్వాలి, వేసవి మరమ్మతులకు కాలువల్లో నీరు ఎప్పుడు కట్టేయాలి అన్న మాటలు లేకుండా ఇక్కడ ఏ సంవత్సరమూ గడవదు. ఇలాంటి నేల మీద పెరిగినవారి చేతుల్లో కూడా ఇప్పుడు ఫోను అనే లాకులు లేని కాలువ ఒకటి రాత్రింబవళ్ళు పారుతోంది.

తెర ముందు గడిపే సమయాన్ని తగ్గించుకోవడం గురించి ఎక్కడ మాట వచ్చినా అది చివరికి నిగ్రహం దగ్గరకే చేరుతుంది. పిల్లలకు క్రమశిక్షణ లేదని పెద్దలు అంటారు, పెద్దలే ఫోను వదలరని పిల్లలు అంటారు. ఈ నిందల వల్ల ఇంట్లో చికాకు పెరగడమే తప్ప ఫోను పక్కకు పోదు. కాలువ గట్టు తెగితే డెల్టాలో ఎవరూ నీటికి బుద్ధి లేదని తిట్టరు. ఎక్కడ ఒత్తిడి పెరిగింది, ఏ తలుపు పని చేయలేదు అని చూస్తారు. ఫోను విషయంలోనూ అడగవలసింది అదే: ఇందులో ఆగే చోట్లు ఏమయ్యాయి?

అవి వాటంతట అవి పోలేదు, ఒక్కొక్కటిగా తీసేశారు. వెబ్ పేజీకి ఒకప్పుడు అడుగు ఉండేది. అక్కడికి చేరాక 'తరువాతి పేజీ' అన్న చోట నొక్కాలి. ఆ నొక్కడానికి ముందు ఒక క్షణం చేయి ఆగేది, ఇక చాలు అన్న ఆలోచనకు ఆ క్షణంలో చోటుండేది. 2006లో ఆజా రాస్కిన్ అనే రూపకర్త కిందికి జరుపుతున్న కొద్దీ కొత్త సరుకు తనే వచ్చి చేరే పద్ధతిని తయారు చేశాడు. వాడేవారికి శ్రమ తగ్గించాలన్నదే ఉద్దేశం. అది ఎంత దూరం తీసుకుపోయిందో చూశాక తనే బహిరంగంగా పశ్చాత్తాపం వెలిబుచ్చాడు. ఆ తరువాత ఒక వీడియో ముగియగానే మరొకటి తనంతట తనే మొదలయ్యే ఏర్పాటు మామూలైపోయింది. 2016 సెప్టెంబరులో జియో రాకతో డేటా చవకైంది. అంతకు ముందు డేటా అయిపోతుందన్న భయమే ఒక తలుపుగా పనిచేసేది, అదీ పోయింది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించాక కొద్ది నెలల్లోనే రీల్స్, షార్ట్స్ ఆ ఖాళీని నింపాయి. మొదలు, తుది ఉన్న రెండున్నర గంటల సినిమా చూడటానికి ఓపిక లేదనేవారు కూడా అరనిమిషం ముక్కలను మూడు గంటలు చూడగలుగుతున్నారంటే కారణం ఆ ముక్కల గొప్పతనంలో లేదు. ఆ ముక్కల వరుసకు చివర లేదు.

తరువాతి ముక్క బాగుంటుందో లేదో ముందుగా తెలియకపోవడం ఇందులో రెండో మెలిక. ప్రతిసారీ గింజ దొరికే మీట కంటే ఎప్పుడు దొరుకుతుందో తెలియని మీటను ప్రాణులు ఎక్కువ పట్టుదలగా నొక్కుతాయని మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగశాలలో చూపించాడు. అంతర్వేది దగ్గర వల విసిరేవారికి ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. ఒట్టి వల వచ్చిన తరువాత కూడా చేయి మళ్ళీ విసురుతుంది. కాని సముద్రానికి పోటూ పాటూ ఉన్నాయి, వలకు బరువు ఉంది, పడవలో నూనె అయిపోతుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధం కూడా ఉంది. చేప గుడ్లు పెట్టే కాలంలో వల ఆగకపోతే మరుసటి ఏడాదికి వలలో పడేది ఉండదు. బొటనవేలికి ఇలాంటి అలుపు గాని, రుతువు గాని లేదు.

దీనివల్ల పోయేది ఏమిటి? గంటలు అని సమాధానం చెప్పడం సులువు. గంటల కంటే ముందు పోయేది ఉన్నచోట ఉండే శక్తి. దీనికి తెలుగులో మంచి మాటలున్నాయి. పరధ్యానం అంటే ధ్యానం లేకపోవడం కాదు, ధ్యానం మరొక దాని మీద ఉండటం. పరాకు అన్న మాట ఇంకా విచిత్రమైనది. ఏమరుపాటుకూ అదే పేరు, రాజు వస్తుంటే సభను హెచ్చరించే కేకా అదే. ఫోను మోగినప్పుడు రెండు అర్థాలూ ఒకేసారి పనిచేస్తాయి. అక్కడ హెచ్చరిక, ఇక్కడ ఏమరుపాటు.

కాలిఫోర్నియాలో గ్లోరియా మార్క్ అనే పరిశోధకురాలు దాదాపు రెండు దశాబ్దాలు మనుషులు తెర మీద ఒక విషయం నుంచి మరొక విషయానికి ఎంతసేపటికి మారుతున్నారో కొలిచారు. 2004లో సగటున రెండున్నర నిమిషాలు. 2012 నాటికి 75 సెకన్లు. తరువాతి కొలతల్లో సుమారు 47 సెకన్లు. ఇంతకంటే ఆలోచించవలసిన సంగతి మరొకటి అదే పరిశోధనల్లో ఉంది: ఈ అంతరాయాల్లో దాదాపు సగం బయటి నుంచి వచ్చినవి కావు, మనుషులు తమకు తామే కల్పించుకున్నవి. ఎవరూ పిలవకపోయినా చేయి జేబులోకి పోతుంది. తలుపు లేని కాలువ పక్కన కొన్నేళ్ళు బతికితే మనసు కూడా ఆ వాలుకే అలవాటు పడుతుంది.

మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, డేనియల్ గిల్బర్ట్ అనే మనస్తత్వ పరిశోధకులు 2010లో ప్రకటించిన అధ్యయనంలో 2,250 మందిని రోజులో అనుకోని వేళల్లో పలకరించి, ఇప్పుడు ఏమి చేస్తున్నారు, మనసు ఆ పని మీదే ఉందా, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం వేళల్లో మనసు పని మీద లేదు. చేస్తున్న పని ఇష్టమైనదా కాదా అన్నదాని కంటే మనసు అక్కడ ఉందా లేదా అన్నదే వారి సంతోషాన్ని ఎక్కువగా పట్టిచ్చింది. అంట్లు తోముతున్నా సరే, మనసు అంట్ల మీద ఉన్నవారి స్థితే మెరుగ్గా ఉందన్నమాట. పరధ్యానం ఫోనుతో పుట్టలేదు, అది మనిషి స్వభావం. ఆ స్వభావానికి మునుపెన్నడూ లేనంత వాలు ఇప్పుడు దొరికింది.

దీని నష్టం ఎక్కడ కనిపిస్తుందో డెల్టా రైతుకు చెప్పడానికి ఒక్క మాట చాలు: శివారు. కాలువ ఎగువన ఉన్న చేలు కావలసినదాని కంటే ఎక్కువ తోడుకుంటే ఎండేది కాలువ చివరనున్న శివారు భూములే. ఎగువన నిలబడి చూస్తే కాలువ నిండుగానే కనిపిస్తుంది. రోజుకూ శివారు ఉంది. రాత్రి భోజనం దగ్గర పిల్లవాడు బడి సంగతి చెప్పబోయి ఎదుటి మొహం చూసి ఊరుకోవడం, మంచం మీద వాలాక భార్యాభర్తల మధ్య జరగవలసిన నాలుగు మాటలు, ఆ తరువాత నిద్ర. పగలంతా ముక్కలు ముక్కలుగా తోడిపోసిన తరువాత చివరి భూములకు చేరవలసిన ధ్యాస చేరడం లేదు. రోజంతా తీరిక లేకుండా గడిచినట్టే ఉంటుంది, రాత్రికి మాత్రం ఏమీ జరగనట్టు ఉంటుంది. చాలామంది చెప్పుకోలేక పడే అలసట ఇదే.

ఇక్కడ నిదానం గురించి ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. వేగం వచ్చాకే అన్నీ చెడ్డాయని, పూర్వం నది దాటించే పంటు కోసం రేవులో ఎదురుచూసిన రోజులే మేలని రాయడం అన్యాయం. సఖినేటిపల్లి రేవులోనో కోటిపల్లి రేవులోనో అర్ధరాత్రి పురిటినొప్పులతో అవతలి ఒడ్డు వైపు చూసిన వారి ఇంట ఎవరూ ఎదురుచూపును పొగడరు. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి పేరుతో ఉన్న వంతెన ఎన్ని ప్రాణాలకు దారి చూపిందో ఆ ఒడ్డునున్న వారికి తెలుసు. వంతెనలు కావాలి. రేవులో కూర్చున్నప్పుడు, పంటు మీద నది దాటుతున్నప్పుడు అడగకుండానే దొరికిన విరామం మాత్రం ఆ కష్టంతో పాటే పోయింది, దాని స్థానంలో మరొకటి ఎవరూ కట్టలేదు. నేటికీ నడుస్తున్న పంటుల మీద కూడా నది మధ్యలో తలలు వంగే ఉంటున్నాయి. వాన కురుస్తూ కురుస్తూ కాసేపు ఆగితే తెరిపి ఇచ్చింది అంటారు. ఒకప్పటి రోజులో అలాంటి తెరిపి చాలా ఉండేది. దానికి ఎవరూ విలువ కట్టలేదు, ఎందుకంటే అది ఉచితంగా వచ్చేది.

అలాగని తెర సమయాన్ని గంటల్లో మాత్రమే కొలిస్తే లెక్క తప్పుతుంది. కోనసీమ నుంచి, పశ్చిమ గోదావరి నుంచి కువైట్‌కూ ఇతర గల్ఫ్ దేశాలకూ ఇంటిపనికి వెళ్ళిన తల్లులు ఎందరో ఉన్నారు. వారి పిల్లలు అమ్మమ్మల దగ్గర పెరుగుతున్నారు. శుక్రవారం మధ్యాహ్నం గంటసేపు వీడియోలో అమ్మ కనిపిస్తే అది తెర సమయం కిందకే వస్తుందా? అంకెల్లో వస్తుంది. జీవితంలో ఆ గంటే ఆ వారానికి బిడ్డ తల్లి ఎదుట ఉన్న గంట. పైగా ఆ మాటలకు ముగింపు ఉంది. చివర ఎవరో ఒకరు 'ఉంటానమ్మా' అంటారు. ఫోను పెట్టేసే వేళ తెలుగువారు వాడే ఈ మాటను కాస్త నిలిచి వినాలి. వెళ్తున్నానని కాదు, ఉంటాననే అంటారు. మనిషి మనిషికి చెప్పే ఈ 'ఉంటాను' ఒక లాకు. వీడియోల వరుసకు ఇలాంటి మాట చెప్పే నోరు లేదు.

వరద రోజుల్లో ఫోను అవసరం మరింత సూటిగా కనిపిస్తుంది, అవసరం ఎక్కడ అలవాటుగా మారుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది. భద్రాచలం దగ్గర గోదావరి మట్టం 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులు. నది పాయల మధ్య ఉన్న లంక గ్రామాల్లో ఈ అంకెలు చాలామందికి నోటికి వచ్చు. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు దిగువకు పోయినప్పుడు, కాజ్‌వేలు మునిగి నాటుపడవలే దారి అయినప్పుడు, పశువులను ఏ గట్టుకు తోలాలో తేల్చుకోవడానికి ఫోను పనికొచ్చింది. 35 లక్షల క్యూసెక్కుల 1986 ఆగస్టు వరదకు ఆ వసతి లేదు. అటువంటి రోజున ఫోను చూడవద్దనేవారికి గోదావరి సంగతి తెలియదు.

కాని గోదావరి నిమిషానికొక తీరుగా మారదు. భద్రాచలంలో పెరిగిన నీరు ధవళేశ్వరం చేరడానికి గంటలు పడుతుంది. మట్టం అంకె గంటకోసారి మారుతుందనుకుంటే, అయిదు నిమిషాలకోసారి చూసేవారికి పన్నెండు చూపుల్లో పదకొండు ఏ కొత్త సంగతీ చెప్పవు. ఊరికే చెప్పకుండా ఊరుకున్నా బాగుండేది. ఆ పదకొండు సార్లూ ఎప్పటివో వరద దృశ్యాలు, ఎక్కడివో తెగిన గట్లు, ఎవరో అల్లిన వదంతులు కళ్ళ ముందు నుంచి పోతాయి. సమాచారం అక్కడే ఉంటుంది, భయం మాత్రం పెరుగుతుంది. రేవు మెట్లలో ఎన్ని మునిగాయో చూసి నీరు ఎక్కుతోందో తీస్తోందో చెప్పే పెద్దలు ఇప్పటికీ ఉన్నారు. వారు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూస్తారు. మధ్యలో గడ్డివాము మీద పట్టా కప్పుతారు, ధాన్యం బస్తాలు అటక ఎక్కిస్తారు. నది ఎంత వేగంగా మారుతుందో అంత వేగంగానే చూడటం వారికి అలవాటు. తెర తగ్గించుకోవడంలో ఇంతకంటే గట్టి కొలమానం దొరకదు: చూస్తున్న విషయం ఎంతసేపటికి మారుతుంది? రొయ్యల ధర రోజుకోసారి మారేదైతే రోజుకోసారి చూడటం వ్యవహారం, గంటకు ఆరుసార్లు చూడటం ఆందోళన. రొయ్యల చెరువు నీటికి గాలి అందించే ఏరేటరు ఆగిపోతే వచ్చే పిలుపు వేరు, దానికి అర్ధరాత్రయినా లేవాలి.

ఆత్రేయపురంలో పూతరేకులు తీసేవారిని చూస్తే మరో సంగతి తెలుస్తుంది. బోర్లించిన కుండ కింద మంట. పలుచని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే పొర పడుతుంది, క్షణాల్లో ఆరుతుంది, చిరగకుండా తీయాలి. కళ్ళు పక్కకు తిరిగితే రేకు మాడుతుంది. చేతులు పిండితో తడిసి ఉంటాయి కాబట్టి ఫోను ముట్టడం కుదరదు. నరసాపురం లేసు అల్లేవారిదీ ఇదే పని తీరు, కుట్ల లెక్క తప్పితే వరుసంతా విప్పాలి. ఈ పనుల కూలి ఎంత తక్కువో, కళ్ళు ఎంత అలిసిపోతాయో తెలిసినవారు వీటిని ధ్యానమని పొగడరు. అయినా చేతులు రెండూ నిండిన పని మనసును కూడా ఉన్నచోట నిలుపుతుందన్నది నిజం. ఫోను వదిలి ఊరికే కూర్చోమంటే ఎవరికైనా కష్టమే. మల్లెచెట్టుకు పాదు చేయడం, కొబ్బరి ఈనెలు చీరి చీపురు కట్టడం, చేప తోమడం వంటివి చేతికి ఇస్తే వదలమని చెప్పనక్కరలేదు.

మరి ఇంట్లో లాకులు ఎలా కడతారు? 2018 నుంచి ఫోన్లలోనే వాడకం లెక్కలు, గడువులు పెట్టుకునే సౌకర్యం వచ్చింది. లెక్క చూసుకోవడానికి అది మంచిదే. గడువు దగ్గర మాత్రం బలహీనం, ఎందుకంటే గడువు ముగిశాక ఒక్క వేలితో దాన్ని పక్కకు నెట్టవచ్చు. డెల్టాలో కాలువ షట్టరు తిప్పే పని లస్కరుది. ఆ షట్టరు చేయి ఎగువ రైతు చేతిలోనే ఉంటే శివారుకు చుక్క చేరదు. ఆ రైతు చెడ్డవాడని కాదు, తన చేను తనకు ముందు కనిపిస్తుంది. ఫోనుకూ లస్కరు వేరేగా ఉండాలి. రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఫోన్లన్నీ వీధిగదిలో ఒకే చోట చార్జింగుకు చేరడం, పడక దగ్గర మామూలు అలారం గడియారం ఉండటం, భార్య ఫోనులో గడువుకు పెట్టిన పాస్‌వర్డ్ భర్తకు, భర్త ఫోనుది భార్యకు మాత్రమే తెలిసి ఉండటం చిన్న ఏర్పాట్లే గాని నిర్ణయాన్ని అలసిన చేతి నుంచి తప్పిస్తాయి. మనుషుల నుంచి వచ్చే పిలుపులు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపడం, వీడియోలు తమంతట తాము మొదలవకుండా చేయడం అయిదు నిమిషాల పని. చిన్న వీడియోల యాప్‌ను ఫోను నుంచి తీసేసి, చూడాలనిపిస్తే కంప్యూటర్ దగ్గరకు వెళ్ళి చూడటం ఇంకా మేలు, ఎందుకంటే లేచి వెళ్ళే ఆ పది అడుగుల్లోనే కోరిక సగం తగ్గుతుంది.

ఊరంతా కలిసి కట్టుకున్న లాకుకు ఉదాహరణ మహారాష్ట్రలో ఉంది. సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్గావ్‌లో 2022లో గ్రామమంతా అనుకుని సాయంత్రం ఏడుకు సైరన్ మోగించడం మొదలుపెట్టారు. ఎనిమిదిన్నర వరకు టీవీలు, ఫోన్లు ఆపి చదువు, మాటలు. అక్కడ సైరనే లస్కరు. పక్కింట్లో తెర వెలుగుతుంటే తన ఇంట్లో ఆపడం ఎంత కష్టమో పిల్లలున్న ప్రతి ఇంటికీ తెలుసు, అందరూ ఒకేసారి ఆపితే ఆ కష్టం పోతుంది.

తెంచడం, ఆపడం ఒకటి కావు. 2022 మేలో అల్లర్ల తరువాత కోనసీమలో కొన్ని రోజులు ఇంటర్నెట్ నిలిపివేశారు. ఆ రోజుల్లో ఎవరి మనసూ నెమ్మదించలేదు. ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులకు, ఫోను చెల్లింపులకు అలవాటు పడిన చిన్న దుకాణాలకు అది కష్టకాలమే. బలవంతంగా, ఎప్పుడు తెరుస్తారో తెలియకుండా వచ్చిన ఆగడం మనిషిని మరింత తహతహలాడిస్తుంది. ఎప్పుడు మూస్తారో, ఎప్పుడు తెరుస్తారో ముందే తెలిసినప్పుడే లాకు లాకు అవుతుంది.

డెల్టాలో సాధారణంగా ఏప్రిల్‌లో దాళ్వా కోతల వేళకు కాలువలు కట్టేస్తారు, జూన్‌లో మళ్ళీ వదులుతారు. ఆ మధ్యలో పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగుతారు, షట్టర్లకు గ్రీజు పెడతారు, పగుళ్ళు పూడుస్తారు. నీరు పారుతుండగా ఈ పనులేవీ చేయలేరు. సరిగ్గా అవే వారాల్లో సముద్రం మీద వల ఆగుతుంది, బళ్ళకు సెలవులు వస్తాయి. ఎండకు పిల్లలు ఇంటిపట్టునే ఉంటారు, అల్లరి పడలేక ఏడాదిలో అన్నిటికంటే ఎక్కువసేపు వారి చేతికి ఫోను ఇచ్చేదీ ఆ వారాల్లోనే. కాలువ కట్టేసే తేదీ పేపర్లో పడిన రోజున ఇంట్లో కూడా ఒక తేదీ అనుకోవచ్చు, మధ్యాహ్నం రెండు నుంచి అయిదు వరకు అని ఒక వేళ అనుకోవచ్చు. ఆ మూడు గంటలూ పెద్దల ఫోన్లు కూడా పిల్లల ఫోన్ల పక్కనే, అదే బల్ల మీద ఉండాలి.